పెట్టెల దగ్గర ఇద్దరుండాలి

ముత్యాలపేట,
12 జూలై 2024.

పూజ్యులైన బాబాయ్‌కి,

మీనా నమస్కారాలు. పిన్నికి కూడా చెప్పండి.

ఈ రోజుల్లో ఉత్తరం ఏంటని నవ్వకండి. మీకు ఎడమ చెవి పోయింది, కుడి చెవి పోతానంటోంది. ఫోన్‌లో మీకు వినపడాలంటే నేను అరవాలి. నేను అరిస్తే కింద మా ఇత్తడి కొట్లో బిందె బేరమాడుతున్న ఆవిడకి కూడా నా సంగతులన్నీ తెలిసిపోతాయి. వాట్సాప్‌లో పెడదామంటే మా తేజస్వి చదివి వాళ్ళ నాన్నమ్మకి వినిపిస్తుంది. పదకొండేళ్ళ పిల్ల, దానికి అదో సరదా. అందుకని మేడ మీద బకెట్టు బోర్లించుకుని, దాని మీద కూర్చుని రాస్తున్నాను.

సంగతేంటంటే, నా తేనెటీగలకి కష్టం వచ్చింది. రెండేళ్ళ కిందట పాలకొల్లులో మూడు రోజులు శిక్షణ ఇస్తే వెళ్ళాను, గుర్తుందా? అప్పుడు తెచ్చిన రెండు పెట్టెలు ఇప్పుడు నాలుగయ్యాయి. మేడ మీద వీధి వైపు గోడవార పెట్టాను. ఆ పక్కనే గున్నేశ్వరరావు గారి మిఠాయి కొట్టు. వానాకాలం కదా, పువ్వులు తక్కువ. నేను పంచదార నీళ్ళు పెడుతూనే ఉన్నాను గానీ, ఆయన జీళ్ళ పాకం వాసన ముందు నా పంచదార నీళ్ళు ఏం నిలబడతాయి? ఆయన నాతో ఒక్క మాట అనలేదు. సరాసరి మున్సిపాలిటీకి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చొచ్చారు.

నిన్న శానిటరీ ఇన్‌స్పెక్టర్ అనిల్ కుమార్ గారని ఒకాయన వచ్చారు.

"ఇళ్ళ మధ్య వీటిని పెంచుకోవచ్చని రూలుందాండి?" అన్నారు.

"పెంచుకోకూడదని ఉందాండి?" అన్నాను.

"అదీ లేదండి. అదే కదండీ మా ప్రాణానికి వచ్చింది. రూలు లేనిదాన్ని నేను ఉంచలేనండి, తీయించలేనండి. కాయితం మీద ఏదో ఒకటి ఉండాలి కదండీ."

పాపం, మంచివాడే. కాఫీ తాగి రెండు నెలలు టైమిచ్చి వెళ్ళాడు.

మీరు రాజమండ్రిలో చిన్న మున్సిపాలిటీలకి నిబంధనల ముసాయిదాలు రాసే సెక్షన్లోనే కదా ఉన్నారు. మా ఊరికి ఒక రూలు తెప్పించండి బాబాయ్. ఎలాంటిదైనా సరే. రూలంటూ ఉంటే దాన్ని పట్టుకుని ఎలాగో బతుకుతాం.

మీ జవాబు కొట్టు అడ్రసుకే వస్తుంది. మా అత్తగారు విప్పరు, ఆవిడ అలాంటి మనిషి కాదు. కానీ "ఏం రాశారే మీ బాబాయ్?" అని ఎదురుగా కూర్చుంటారు. నేను చదివి వినిపించాలి. ఈయన కూడా గల్లాపెట్టె దగ్గర్నుంచి చెవి ఇటు వేస్తారు. కొంచెం చూసుకుని రాయండి.

మీ
మీనా


రాజమండ్రి,
24 జూలై 2024.

చి. సౌ. మీనాకు,

ఆశీస్సులు. చూసుకునే రాస్తున్నాను. ముందుగా మీ అత్తగారు శ్యామలాంబ గారికి మా ఇద్దరి నమస్కారాలు. అల్లుడు గారి ఇత్తడి కొట్టు దినదినాభివృద్ధి చెందుగాక. (ఇంతవరకు గట్టిగా చదువు.)

రూలు వద్దు మొర్రో అని ఏడ్చేవాళ్ళని ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. కావాలని అర్జీ పెట్టుకున్న మనిషివి నువ్వొక్కదానివే. అమ్మాయ్, రూలుతో నీకు పరిచయం లేదు, నేను దాంతో కాపురం చేస్తున్నాను. పిలవగానే వస్తుంది. వచ్చాక వెళ్ళదు.

అయినా నువ్వు అడగడం, నేను కాదనడం ఎప్పుడైనా ఉందా? మీ కమిషనర్ గారు కూడా ముసాయిదా పంపమని మా ఆఫీసుకి రాశారట. సెక్షన్లో ఎవరో ఒకరు చూస్తారు. నేనూ ఓ కన్నేసి ఉంచుతాను.

ఒక్క సంగతి అడుగుతాను, కోప్పడకు. ఇంత రొష్టు ఎందుకు నీకు? తేనె కావాలంటే సీసాలు ఏ కొట్లోనైనా దొరుకుతాయి. పిన్ని అయితే "దానికి కుట్టించుకోవడం సరదా ఏమో" అంటోంది.

నీ బాబాయ్
ఉదయ్‌భాస్కర్


ముత్యాలపేట,
18 సెప్టెంబరు 2024.

బాబాయ్‌కి నమస్కారాలు.

వచ్చేసింది! మా కౌన్సిల్లో తీర్మానం కూడా అయిపోయింది. అనిల్ కుమార్ గారు కాపీ తెచ్చి ఇచ్చారు. మీ ఆఫీసు నుంచి వచ్చిన ముసాయిదా అక్షరం మారకుండా అచ్చయింది. మీరు చదివారో లేదో గానీ, నేను చదివి మెట్ల మీద కూలబడిపోయాను. కొంచెం రాస్తాను చూడండి.

"1. యజమాని తన వద్ద గల తేనెటీగల సంఖ్య, వయస్సు, రంగు తెలుపుతూ పశువైద్యుని ధ్రువపత్రము జతపరచవలెను."

"3. తేనెటీగలను రోడ్లపైన, కాలువ గట్లపైన యథేచ్ఛగా తిరుగనీయరాదు. అట్లు తిరుగుచున్నవి బందెలదొడ్డికి తరలించబడును."

"4. తేనెటీగల పేడను ప్రతి దినము ఉదయము ఎనిమిది గంటలలోపు తొలగించవలెను."

"6. తినుబండారములు తయారగు స్థలమునకు ముప్పది అడుగుల లోపున తేనెటీగలను కట్టివేయరాదు."

బాబాయ్, నా దగ్గర నాలుగు పెట్టెల్లో కలిపి నలభై, యాభై వేలుంటాయి. వయసు, రంగు ఎవరు రాస్తారు? పశువుల డాక్టరు గారికి తేజస్వి నిజంగానే ఫోన్ చేసింది. ఆయన రాంగ్ నంబరనుకుని పెట్టేశారు.

నవ్వి నవ్వి అలిసిపోయాను. ఆ తర్వాత భయమేసింది. అనిల్ కుమార్ గారు నవ్వలేదు. "పేడ సంగతి, డాక్టరు సంగతి నేను చూసుకుంటానండి. అవి ఎవరికీ కనపడవు. దూరం మాత్రం టేపు పెట్టి కొలవాలండి, గున్నేశ్వరరావు గారు ఎదురుగా నిలబడతారు" అన్నారు. కొలిచారు. పెట్టెల నుంచి ఆయన పొయ్యి దాకా పదకొండడుగులు. అక్టోబరు నెలాఖరులోగా వెనక్కి జరపాలట, లేకపోతే మొత్తం తీసేయాలట.

నేను అడిగి తెచ్చుకున్న రూలే నా మెడకి చుట్టుకుంది. దీన్ని రాసిన మహానుభావుడెవరో కొంచెం కనుక్కోండి. ఆయన్ని ఒకసారి మా మేడ మీదకి పిలిచి పేడ చూపించమంటాను.

మీనా


రాజమండ్రి,
1 అక్టోబరు 2024.

చి. సౌ. మీనాకు,

ఉత్తరం అందింది. ఎవరు రాశారన్నది ఇప్పుడు తేలే సంగతి కాదు. ఫైలు చాలా చేతులు మారుతుంది. ఆ మాట వదిలెయ్.

ముప్పై అడుగులే కదా అడిగారు. మీ మేడ వీధి నుంచి వెనక సందు దాకా ఉంది. ఇద్దరు మనుషుల్ని పెట్టి పెట్టెల్ని వెనక్కి జరిపించు, గొడవ తీరిపోతుంది. అల్లుడు గారితో చెబితే గంటలో అయిపోయే పని.

పిన్నికి మోకాళ్ళ నొప్పులు తగ్గలేదు. ఇక్కడ వానలు.

ఉదయ్‌భాస్కర్


ముత్యాలపేట,
21 అక్టోబరు 2024.

బాబాయ్‌కి,

మీ ఉత్తరం ఎప్పట్లాగే చదివి వినిపించాను. ముందే ఒకసారి చదువుకుని దాటవేయాల్సింది. తొందరలో చూసుకోలేదు. "అల్లుడు గారితో చెబితే గంటలో అయిపోయే పని" అన్నది ఈయన చెవిన పడింది.

తేనెటీగల పెట్టెని అలా జరపకూడదు బాబాయ్. శిక్షణలో మొదటి రోజే చెప్పారు. జరిపితే మూడడుగుల లోపు జరపాలి, లేదా మూడు కిలోమీటర్ల అవతలకి తీసుకుపోవాలి. మధ్యలో ఎక్కడ పెట్టినా మేతకి వెళ్ళిన ఈగలు తిరిగి పాత చోటికే వస్తాయి. వాటికి పెట్టె గుర్తుండదు, చోటు గుర్తుంటుంది. ఈ మాట అనిల్ కుమార్ గారికి చెప్పాను. "రూల్లో లేదు కదండీ" అన్నారు. ఈయనకి చెబుదామనుకుంటూనే ఉన్నాను, చెప్పలేదు. తప్పు నాదే.

మొన్న శుక్రవారం అత్తగారూ నేనూ పెనుగొండ వెళ్ళాం, అమ్మవారి దర్శనానికి. మేం వచ్చేలోగా నాకు సంతోషం కలిగిద్దామని ఈయన కొట్లో ఇద్దరు మనుషుల్ని పైకి తీసుకెళ్ళి, పట్టపగలు పదకొండు గంటలకి నాలుగు పెట్టెల్నీ వెనక గోడ దగ్గరకి చేర్పించేశారు. "బాబాయ్ గారే చెప్పారు కదా" అంటారు. ఆయన్ని ఏమనను?

బస్సు దిగి వీధి మొదట్లోకి వచ్చేసరికి జనం. పొద్దున్న మేతకి వెళ్ళిన ఈగలన్నీ తిరిగొచ్చి, పెట్టెలు లేక, పాత చోట గోడకీ, అక్కడి నుంచి గున్నేశ్వరరావు గారి నీళ్ళ ట్యాంకుకీ ముద్దలు ముద్దలుగా పట్టేశాయట. ఆయన చీపురు తీసుకుని కొట్టారట. కంటి కింద రెండు, పెదవి మీద ఒకటి, చెవి మీద ఒకటి కుట్టాయి. నేను చూసేసరికి మొహం గుమ్మడికాయంత అయింది. ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. ఆయన భార్య నన్ను చూసి మొహం తిప్పుకుంది.

రెండు పెట్టెలు పోయాయి. లోపల పిల్ల ఈగలూ, రాణీ మిగిలాయి గానీ తిండి తెచ్చేవాళ్ళు లేరు. మూడు రోజుల్లో చీమలు పట్టేశాయి. మిగతా రెండూ నీరసంగా ఉన్నాయి.

ఇవాళ పొద్దున్న నోటీసిచ్చారు. నవంబరు ఇరవైలోగా అన్నీ తీసేయాలి. రూలు పాటించినందుకు ఇది నాకు శిక్ష. పాటించకపోయినా ఇదే శిక్ష. నాకు ఏడుపు కూడా రావడం లేదు, ఒళ్ళు మండుతోంది. ఆ ముసాయిదా రాసినవాడి చెయ్యి ఒక్కసారి నా పెట్టెలో పెట్టించాలని ఉంది.

మీనా


రాజమండ్రి,
27 అక్టోబరు 2024.

మీనా తల్లీ,

దీంతో పాటు ఇంకో కాయితం పెట్టాను. అందులో పిన్ని మోకాళ్ళ గురించి పేజీన్నర ఉంది. మీ అత్తగారికి అది చదివి వినిపించు. ఇది నీ ఒక్కదానికే.

ఆ చెయ్యి నాదే.

ఎలా జరిగిందో చెబుతాను. మీ కమిషనర్ గారి ఉత్తరం ఒక శుక్రవారం సాయంత్రం వచ్చింది, సోమవారానికి ముసాయిదా కావాలని. తేనెటీగల మీద పాత ఫైలు లేదు. మా ఆఫీసులో కొత్త రూలు ఎవరూ రాయరమ్మా. దగ్గరగా ఉన్న పాత రూలు తీసి దిద్దుతాం. నా దగ్గర ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నది, పట్టణంలో గేదెల పెంపకం. కంప్యూటర్లో "గేదెలు" అన్న ప్రతి చోటా "తేనెటీగలు" అని మార్చే మీట ఉంది. నొక్కాను. చదివి చూడాల్సింది, చూడలేదు. పైవాళ్ళు నా సంతకం చూసి సంతకం పెట్టారు, వాళ్ళూ చదవలేదు. మీ కౌన్సిల్ వాళ్ళ సంగతి నీకే తెలుసు.

నీకు మేలు చేశాననే అనుకున్నాను. చిన్నప్పుడు నీకు పెన్నులో ఇంకు పోసిచ్చినట్టు ఇదీ ఓ పని అనుకున్నాను. నువ్వు కనుక్కోమని రాసినప్పుడు చెప్పడానికి సిగ్గేసింది. సిగ్గు దాచుకోవడానికి, తెలియని విషయంలో సలహా ఇచ్చాను. దాంతో రెండు పెట్టెలు పోయాయి, ఓ పెద్దమనిషి మొహం పోయింది. నాకు అన్నం సహించడం లేదు.

నోటీసు సంగతి నేను మీ కమిషనర్ గారితో మాట్లాడాను. తప్పు మా ఆఫీసుదని రాసిస్తే సవరణ అయ్యేదాకా ఆగుతామన్నారు. రాసిచ్చాను. ఈసారి మీట నొక్కను. ఏం ఉండాలో నువ్వు చెప్పు, నేను రాస్తాను. ఎందుకు కావాలో కూడా రాయి, వాదించడానికి పనికొస్తుంది.

నీ బాబాయ్


ముత్యాలపేట,
4 నవంబరు 2024.

బాబాయ్‌కి,

మీతో రెండు రోజులు మాట్లాడకూడదనుకున్నాను. కానీ ఉత్తరాల్లో అలిగితే మీకు తెలిసేసరికే వారం పడుతుంది. అందుకని మానేశాను. పిన్ని మోకాళ్ళు మా అత్తగారికి చాలా నచ్చాయి. ఆవిడ ఏదో తైలం పేరు చెప్పారు, వెనక రాశాను.

ఇక రాసుకోండి. ఒక ఇంటికి నాలుగు పెట్టెలు మించకూడదు. పెట్టె మూతి పొరుగింటి వైపు ఉండకూడదు. ఎదురుగా ఆరడుగుల ఎత్తున తడిక గానీ ఆకుపచ్చ వల గానీ కట్టాలి. అప్పుడు ఈగలు పైకి లేచి, మనుషుల తలల మీదుగా ఎగిరిపోతాయి. పక్కనే నీళ్ళ తొట్టి ఉండాలి. పువ్వులు లేని నెలల్లో మేత పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, పెట్టెల్ని జరపమని ఎవరూ ఎవర్నీ అడగకూడదు. దూరం అడుగుల్లో కొలవద్దు బాబాయ్. ఈగకి అడుగులు లేవు.

గున్నేశ్వరరావు గారి ఇంటికి వెళ్ళాను. వాపు తగ్గింది. "అమ్మా, నాకు మీ మీద కోపం లేదండి. నా పాకం మీద వాలకుండా ఉంటే చాలండి" అన్నారు. ఆయన వంటింటి కిటికీకి దోమతెర కొట్టిస్తానన్నాను. అది కూడా రాయండి.

ఎందుకు కావాలి అంటే ఏం రాయను? పిల్లలకి తేనె. అంతే.

మీనా


రాజమండ్రి,
19 డిసెంబరు 2024.

చి. సౌ. మీనాకు,

అందరికీ గట్టిగా చదివి వినిపించు!

సవరణ ఆమోదం అయింది. నువ్వు చెప్పినవన్నీ నువ్వు చెప్పినట్టే పెట్టాను. మా పై అధికారి మొత్తం చదివి "భాస్కర్ గారూ, ఇంత తెలివైన రూలు మన ఆఫీసు నుంచి ఎప్పుడూ పోలేదండి" అన్నారు. మా అన్నయ్య కూతురు చెప్పిందని గర్వంగా చెప్పాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి నేను రాసిన కాయితం ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను.

నీ గురించి ఆలోచించి ఒకటి నేనే కలిపాను. ఏడో నిబంధన. "పెట్టెల వద్దకు వెళ్ళునపుడు లైసెన్సుదారుతో పాటు మరొక బాధ్యుడైన పెద్ద మనిషి తప్పక ఉండవలెను." గున్నేశ్వరరావు గారికి జరిగింది విన్నప్పటి నుంచి, నువ్వు ఒక్కదానివీ అంత పైన ఆ ఈగల మధ్య ఉంటావన్న బెంగ నాకు. ఏ రోజైనా కళ్ళు తిరిగి పడితే ఎవరు చూస్తారు? మీ కౌన్సిల్ వాళ్ళకి కూడా అది బాగా నచ్చింది.

ఇక నువ్వు నిశ్చింతగా ఉండు. నాకూ గుండె మీద బరువు దిగింది.

నీ బాబాయ్
ఉదయ్‌భాస్కర్


ముత్యాలపేట,
28 జనవరి 2025.

బాబాయ్‌కి,

ఇన్నాళ్ళు రాయనందుకు ఏమీ అనుకోకండి. రాయడానికి చోటు దొరకలేదు. ఇది బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని రాస్తున్నాను. ఇప్పటికే ఇద్దరు తలుపు కొట్టారు.

లైసెన్సు వచ్చింది. ఈయన ఫ్రేము కట్టించి కొట్లో తగిలించారు. వచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తున్నారు. అందులో "రెండవ బాధ్యుని పేరు" అని ఒక గడి ఉంది. అనిల్ కుమార్ గారు కలం పట్టుకుని "ఎవర్ని రాయమంటారండి?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోగా మా అత్తగారు "శ్యామలాంబ అని రాయండి" అన్నారు.

ఆవిడ రోజూ ఏడు గంటలకి నాకంటే ముందు పైన ఉంటున్నారు, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని. ముందు భయపడేవారు. ఇప్పుడు అస్సలు భయం లేదు. "ఇన్నాళ్ళూ ఇంత గాలి నాకు చెప్పకుండా నువ్వే తాగావే" అని నవ్వుతారు. తన పెళ్ళినాటి కబుర్లు, తోడికోడళ్ళ కబుర్లు, మొగల్తూరులో వాళ్ళ పుట్టింటి కబుర్లు చెబుతారు. ఆవిడ ఉన్నారని గున్నేశ్వరరావు గారి భార్య వస్తోంది. వాళ్ళిద్దరూ ఉన్నారని టిఫిను పైకే వస్తోంది. తేజస్వి హోంవర్కు అక్కడే. అత్తగారు రాని రోజు నేను ఒక్కదాన్నీ ఎక్కితే పక్క మేడ మీద నుంచి గున్నేశ్వరరావు గారు "అమ్మా, ఏడో నిబంధన అండి!" అని పిలుస్తారు. ఎగతాళికి కాదు, నా లైసెన్సు పోతుందని నిజంగా కంగారు ఆయనకి.

ఎందుకు ఇంత పట్టుదల అని మీరు రెండుసార్లు అడిగారు. పిల్లలకి తేనె అని రాశాను. అబద్ధం. మా ఇంట్లో తేనె ఎవరూ పెద్దగా తినరు.

మా ఇంట్లో పదకొండు మందిమి. అందరూ మంచివాళ్ళే. నన్ను ఎవరూ ఒక్క మాట అనరు. అదే నాకు చెప్పుకోవడానికి లేకుండా పోయింది. నిద్ర లేచిన దగ్గర్నుంచి "ఎక్కడున్నావే", "ఏం చేస్తున్నావే", "ఎందుకలా ఉన్నావే". కూర తరుగుతుంటే పక్కన ఒకరు, గుడికి వెళ్తే తోడు ఒకరు. ఐదు నిమిషాలు ఊరికే కిటికీ దగ్గర నిలబడితే ఒంట్లో బాగాలేదా అని నుదురు పట్టుకుని చూస్తారు. పదిహేనేళ్ళు, బాబాయ్. నేను ఎవరితోనూ మాట్లాడకుండా గడిపిన గంట ఒక్కటి కూడా లేదు, ఆ పెట్టెలు వచ్చేదాకా.

ఈగలంటే అందరికీ భయం కాబట్టి మేడ మీదకి ఎవరూ వచ్చేవారు కాదు. రోజూ ఒక గంట. పెట్టెల పని పది నిమిషాల్లో అయిపోయేది. మిగతా సేపు బకెట్టు మీద కూర్చునేదాన్ని. ఏమీ చేసేదాన్ని కాదు. ఏమీ ఆలోచించేదాన్ని కూడా కాదు. కిందకి దిగేసరికి ఎంతమందికైనా వండి పెట్టే ఓపిక వచ్చేది. నేను కాపాడుకుందామనుకున్నది ఆ గంటని. ఈగలు బతికాయి. గంట పోయింది.

మీరు ప్రేమతో పెట్టిన నిబంధన. ఆవిడ ప్రేమతో వేసుకున్న కుర్చీ. నేను ఎవరి మీద అరవాలి? మళ్ళీ తలుపు కొడుతున్నారు.

మీనా


రాజమండ్రి,
5 ఫిబ్రవరి 2025.

మీనా తల్లీ,

అత్తగారికి చదవడానికి వేరే కాయితం పెట్టాను. ఈసారి నా చెవి గురించి.

నీ ఉత్తరం పిన్నికి చూపించాను. చదివి, మడిచి నా చేతికిచ్చింది. తర్వాత "మీరు రిటైరయ్యాక నా గతి కూడా అంతే" అంది. ఆ మాట నాకు ఇంకా అరగలేదు.

ఏడో నిబంధన తీయించవచ్చు. కానీ నా చేత్తో కాదు. ఒకే రూలుని రెండుసార్లు రాశానని నన్ను ఆ సెక్షన్ నుంచి మార్చేశారు. నేను పట్టించుకోను, నువ్వూ పట్టించుకోకు. ఇప్పుడున్న దారి ఒక్కటే. లైసెన్సుదారే మినహాయింపు కోరుతూ అర్జీ పెట్టాలి. కారణం రాయాలి. రెండవ బాధ్యురాలి సంతకం ఉండాలి. అంటే మీ అత్తగారిది. తర్వాత దాన్ని మున్సిపల్ ఆఫీసు నోటీసు బోర్డు మీద పదిహేను రోజులు అంటిస్తారు, ఎవరికైనా అభ్యంతరాలుంటే చెప్పమని. ఆపైన కౌన్సిల్లో పైకి చదువుతారు.

అసలు కారణం రాయడం ఎలా కుదురుతుంది? ఊరు ఊరంతా చదువుతుంది. ఇంట్లో ఏదో గొడవనుకుంటారు. శ్యామలాంబ గారు ఎంత నొచ్చుకుంటారు? అందుకని కారణం నేనే ఆలోచించి పెట్టాను. "ఇద్దరు మనుషుల వాసనకు తేనెటీగలు బెదిరి కుట్టుటకు అవకాశము గలదు." మీ కౌన్సిల్లో తేనెటీగల సంగతి తెలిసినవాళ్ళు లేరు, సరేనంటారు. మీ అత్తగారూ నమ్ముతారు. అర్జీ మొత్తం రాసి పంపుతున్నాను, సంతకం పెడితే చాలు.

నీ బాబాయ్


ముత్యాలపేట,
20 ఫిబ్రవరి 2025.

బాబాయ్‌కి నమస్కారాలు.

మీరు రాసి పంపిన అర్జీ మూడు రోజులు బీరువాలో పెట్టుకున్నాను. చక్కగా రాశారు. కానీ మీరు రాసినట్టే పెడితే రేపు ఆవిడ "వాసనేగా, సబ్బుతో రుద్దుకుని వస్తానులే" అంటారు. అప్పుడు నేను ఇంకో అబద్ధం వెతుక్కోవాలి. నేనే వేరేది రాసుకున్నాను. మీ ఆఫీసు భాష నాకు రాదు. ఇదీ నకలు.

"కమిషనర్ గారికి, ముత్యాలపేట. అయ్యా, నాకు తేనెటీగల లైసెన్సు ఉంది. ఏడో నిబంధన ప్రకారం పెట్టెల దగ్గర నాతో పాటు ఇంకొకరు ఉండాలి. రోజూ ఉదయం ఏడు నుంచి ఎనిమిది వరకు నాకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇవ్వండి. కారణం: ఆ గంట నాకు ఒంటరిగా ఉండాలని ఉంది. మా ఇంట్లో నాకు ఏ కష్టమూ లేదు. నాకు ఏమైనా జరిగితే బాధ్యత నాదే. ఇట్లు, మీనాకుమారి."

సంతకం కోసం అత్తగారి దగ్గరకి తీసుకెళ్ళాను. కళ్ళజోడు లేదు, చదవమన్నారు. చదివాను. ఆవిడ అంతా విని, కాయితం తీసుకుని, మడిచి బొడ్లో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఇంట్లో నాకు ఇన్నేళ్ళలో మొదటిసారి నిశ్శబ్దం దొరికింది, దాన్ని భరించలేకపోయాను. ఈయన "క్షమించమని అడుగు, పోనీ" అన్నారు. అడగలేదు. అడిగితే ఆవిడ వెంటనే క్షమించేస్తారు, మర్నాడు ఏడింటికి కుర్చీ పైన ఉంటుంది.

మూడో రోజు సంతకం పెట్టి తెచ్చి ఇచ్చారు. నేనే వెళ్ళి మున్సిపల్ ఆఫీసులో ఇచ్చాను. అనిల్ కుమార్ గారు చదివి నా వైపు చూశారు, మళ్ళీ చదివారు. "కారణం ఇదేనాండి?" అన్నారు. "ఇదేనండి" అన్నాను. నిన్న బోర్డుకి అంటించారు. గున్నేశ్వరరావు గారు మా కొట్టుకి వచ్చి ఈయన్ని "ఇంట్లో అంతా కులాసాయేనాండి?" అని అడిగి వెళ్ళారట. కూరల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు నన్ను చూసి మాట ఆపేశారు. అందులో ఒకావిడ సంచి సర్దుకుంటూ నా దగ్గరకొచ్చి, ఆ అర్జీ ఎలా రాయాలండి అని అడిగింది. అభ్యంతరాలకి మార్చి ఆరో తేదీ దాకా గడువుంది. కౌన్సిల్ వాళ్ళు ఏమంటారో తెలియదు.

అత్తగారు సంతకం పెట్టిన రోజు సంగతి రాయాలి. కాయితం నా చేతికిచ్చి ఆవిడ వెళ్ళిపోలేదు. గుమ్మం దగ్గర ఆగి, నా వైపు చూడకుండా కొంగు సర్దుకుంటూ అడిగారు.

"మరి ఎనిమిది అయ్యాక పిలుస్తావా?"

పిలుస్తానన్నాను.

మీ
మీనా